ఫెయిలవడం చేతకాని పిల్ల

మా అమ్మాయి హిమజకు పదో తరగతిలో వచ్చిన పెద్ద కష్టం నూటికి తొంభై ఆరు మార్కులు. ఈ మాట ఎవరితో అన్నా స్వీట్లేవని అడిగేవారు. అందుకని అనడం మానేశాం.

ఆ తొంభై ఆరు ఎలా వచ్చేవో నాకూ, నా భార్య ఇందుమతికీ తెలుసు. ఇందుమతి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ దిగి వచ్చి, చీరైనా మార్చుకోకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే తప్ప హిమజ పుస్తకం తెరిచేది కాదు. తెరిచాక కూడా అరగంట పనికి మూడు గంటలు. నీళ్లు తాగడానికని లేచి, ఫ్రిజ్ వెనక ఆ మోత ఎందుకొస్తోందో చూస్తూ అక్కడే ఉండిపోయేది. సాంఘిక శాస్త్రం వరండాలో పచార్లు చేస్తూ చదివేది. ఆ ఒక్క ఏడాదిలో పదకొండు నీళ్ల సీసాలు, రెండు గొడుగులు, ఒక ఎడమకాలి బూటు పోగొట్టింది. ఒక్క బూటుతో ఇంటికి ఎలా వచ్చావే అంటే, గమనించలేదంది. పరీక్ష పేపరు మొదటి సగం అచ్చువేసినట్టుండేది. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొట్టేసేవారు. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. కుళాయి చప్పుడులో మాకు వినపడదని దాని నమ్మకం.

దసరా సెలవుల్లో ఇందుమతి దాన్ని పిల్లల మానసిక వైద్యం చేసే, తనకు తెలిసిన డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ రెండు రోజులు కూర్చోబెట్టి పరీక్షించి, ఏడీహెచ్‌డీ అని తేల్చారు.

"తెలివి తక్కువై కాదండీ. ధ్యాసను కావలసిన చోట, కావలసినంత సేపు నిలపడం ఈ పిల్లకి మనకన్నా చాలా కష్టం. మార్కులు వస్తున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వాటి కోసం పిల్ల ఎంత అరిగిపోతోందో చూడండి," అని అర పేజీ ఉత్తరం రాసిచ్చారు. అందులో ఉన్నవి మూడే మాటలు. తలుపుకి, కిటికీకి దూరంగా మొదటి బెంచీలో కూర్చోబెట్టాలి. నలభై నిమిషాలకోసారి అయిదు నిమిషాలు లేచి నడవనివ్వాలి. పరీక్షలప్పుడు చప్పుడు లేని గది, గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఉత్తరం చూడగానే ఇది పది నిమిషాల పని అనుకున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో పది నిమిషాల పనిని పది నిమిషాల్లో చేసినవాణ్ణి నేను చూడలేదు, నేనూ చెయ్యలేదు. అయినా అలా ఎందుకనుకున్నానో తెలియదు.

హిమజ చదివేది కాకినాడలో మేరుశిఖర ఒలింపియాడ్ స్కూల్లో. గేటు మీద కొత్త ఫ్లెక్సీ కట్టారు. 'ఇది సమ్మిళిత విద్యా సంవత్సరం. మా దగ్గర ప్రతి బిడ్డా ప్రత్యేకమే.' కింద నలభై మంది పిల్లలు ఒకే రకంగా చేతులు కట్టుకుని, ఒకే రకంగా నవ్వుతున్నారు.

డీన్ త్రివిక్రమరావు గారు ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి మరీ నా చెయ్యి పట్టుకున్నారు.

"చాలా సంతోషం భాస్కరం గారూ! సమ్మిళిత విద్యా సంవత్సరం ప్రకటించి నాలుగు నెలలైంది. ధ్రువపత్రం కలిగిన ఏడీహెచ్‌డీ విద్యార్థి మాకు ఇంతవరకు లభ్యం కాలేదు. ఆ లోటు మీరు తీర్చారు."

ఆ లోటు తీర్చినందుకు నేను కూడా కాస్త పొంగిపోయాను. ఆయన సొరుగులోంచి ఫారం తీసి, పేరు, తరగతి, పుట్టిన తేదీ ఉత్సాహంగా నింపారు. నాలుగో కాలమ్ దగ్గర కలం ఆగింది.

"విద్యార్థి వెనుకబాటు శాతం ఎంతండీ?"

"వెనుకబాటు లేదండీ. తొంభై ఆరు శాతం," అన్నాను.

ఆయన కలం మూత పెట్టేశారు. ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

"నిబంధన పన్నెండు ప్రకారం, వరుసగా రెండు యూనిట్ టెస్టులలో కనీసం మూడేసి సబ్జెక్టులందు అనుత్తీర్ణత సాధించిన విద్యార్థికే సహాయం వర్తిస్తుంది. మీ అమ్మాయి ఒక్క సబ్జెక్టులోనూ సాధించలేదు."

నా పక్క కుర్చీలో ఉన్న ఇందుమతి అడిగింది. "అంటే ఫెయిలైతే సాయం చేస్తారా సార్?"

"తప్పకుండా మేడమ్. ఎంత ఫెయిలైతే అంత చేస్తాం."

"సాయం చేశాక పాసైతే?"

"సహాయం ఫలించినట్టు. తక్షణం ఉపసంహరిస్తాం."

"మా ఆసుపత్రిలో జ్వరం వస్తే మందిస్తాం సార్. జ్వరం తెచ్చుకుని రమ్మని వెనక్కి పంపం."

"ఆరోగ్య శాఖ నిబంధనలు వేరు మేడమ్," అన్నారు డీన్ గారు మర్యాదగా. "మీరు నిరుత్సాహపడకండి. నవంబరులో ఒకటి, డిసెంబరు మొదట్లో ఒకటి, రెండు టెస్టులున్నాయి. పబ్లిక్ పరీక్షలో అదనపు సమయానికి బోర్డుకు దరఖాస్తు పంపడానికి డిసెంబరు ఇరవై దాకా గడువుంది. ఈలోగా అమ్మాయిని ప్రయత్నించమనండి."

దారి పొడవునా ఇందుమతి స్కూటర్ వెనక గొణుగుతూనే ఉంది. నాకు మాత్రం ఇందులో తప్పేమీ కనపడలేదు. నిబంధన నిబంధనే. పిల్ల రెండుసార్లు ఫెయిలైతే సరిపోయేదానికి గొడవెందుకు?

లెక్కల టీచరు మేరీ సరోజిని గారిని కలిశాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. సంగతి విని కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"పిల్లలు ఫెయిలవకుండా చూడ్డమే నేర్చుకున్నాను భాస్కరం గారూ. ఎలా ఫెయిలవ్వాలో నేనేం చెప్పను? తెల్ల కాగితం ఇచ్చేసి రమ్మనండి, సరిపోతుంది."

ముందుజాగ్రత్తగా డీన్ గారిని అడిగాను. తెల్ల కాగితం చెల్లదన్నారు. "అది క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తుంది. విద్యార్థి చిత్తశుద్ధితో ప్రయత్నించి విఫలం కావలెను."

కాబట్టి పది రోజుల పాటు సాయంత్రాలు నేనే కూర్చుని దానికి తర్ఫీదు ఇచ్చాను. చదువుకునే రోజుల్లో ఆ విద్యలో నాకు కొంత పేరుండేది. ప్రశ్న సగం చదివి జవాబు మొదలుపెట్టడం, సూత్రం సరిగ్గా రాసి అంకెలు తారుమారు చెయ్యడం, అడిగిన పటం బదులు వచ్చిన పటం వెయ్యడం, అన్నీ చెప్పాను. హిమజ శ్రద్ధగా విని, నోట్సు కూడా రాసుకుంది. ఆ నోట్సు ఎక్కడో పోగొట్టింది.

టెస్టు ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో తొంభై నాలుగు. సైన్సులో తొంభై మూడు. ఎక్కడా ఫెయిల్ లేదు.

"ఏమైందే?" అన్నాను.

"తప్పు రాద్దామనే మొదలెట్టాను నాన్నా. రెండో ప్రశ్న వృత్తం మీద. టీచర్ చెప్పిన దారిలో కాకుండా ఇంకోలా వస్తుందా అని చూశాను. వచ్చింది! అది వచ్చాక మూడోది, నాలుగోది... ఫెయిలవ్వాలన్న సంగతి మర్చిపోయాను."

"ఒక్కటంటే ఒక్క పని గుర్తుపెట్టుకుని చెయ్యలేవా? పది రోజులు చెప్పాను. ఫెయిలవడం కూడా చేతకాకపోతే ఎలాగే నీతో?"

హిమజ నా వంక చూసి, స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది.

ఇందుమతి వంటింట్లోంచి వచ్చింది. "ఏవండీ, ఇప్పుడు మీరేమన్నారో మీకు వినపడిందా? తొంభై నాలుగు మార్కులు తెచ్చుకుందని పిల్లని తిట్టారు."

వినపడింది. కుళాయి ఆగేదాకా ఆ తలుపు ముందే నిలబడ్డాను. బయటికొచ్చాక, "సారీ నాన్నా, ఈసారి సరిగ్గా ఫెయిలవుతాను," అంది. అంతకన్నా అది నన్ను తిట్టినా బాగుండేది.

మర్నాడు సెలవు పెట్టి, ఈ సమస్యకు వేరే దారి చూడమని స్కూలుకి అర్జీ ఇచ్చాను. దాని మీద సహాయ కమిటీ సమావేశమై, నన్నూ ఇందుమతినీ పిలిచింది. అధ్యక్షులు డీన్ గారు. సభ్యులు ఇద్దరు. ఒకరు వ్యక్తిత్వ వికాస నిపుణుడు. రెండోవారు బస్సుల ఇన్‌ఛార్జి సూరిబాబు గారు. ఉత్తరంలో 'నడవడం' అన్న మాట ఉన్నందున రవాణా విభాగాన్ని కూడా పిలిచామన్నారు.

"ధ్యాస నిలవని విద్యార్థికి తొంభై నాలుగు రావు," అన్నాడు నిపుణుడు. "వచ్చాయంటే ధ్యాస ఉన్నట్టు. ఉన్న ధ్యాసకు సహాయం దేనికి?"

"నలభై నిమిషాలకోసారి బయల్దేరతానంటే రూటు చెప్పాలి కదండీ బాబూ," అన్నారు సూరిబాబు గారు. "ఎక్కడ ఎక్కుద్ది... అదే, ఎక్కడ లేత్తుంది, ఎక్కడ దిగుద్ది? మధ్యలో ఎవర్నన్నా గుద్దితే ఎవరు పూచీ?"

డీన్ గారు ఇద్దరి అభిప్రాయాలూ రాసుకుని, మా ముందు ఒక అచ్చు కాగితం పెట్టారు. అర్జీ ఇచ్చినవారికి నిబంధన పన్నెండు సడలిస్తారట, సహాయం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనట. మొదటిది నక్షత్ర బ్యాచ్. రోజుకు పన్నెండు గంటల చదువు, వారానికి రెండు మోడల్ పరీక్షలు. నక్షత్రాలు స్వయంప్రకాశాలు కాబట్టి సహాయం ఉండదు. రెండోది చేయూత బ్యాచ్. మొదటి బెంచీ, నడక, అదనపు సమయం అన్నీ ఉంటాయి. డిసెంబరు టెస్టు కాగానే బోర్డు దరఖాస్తు మీద సంతకం కూడా దొరుకుతుంది. పాఠాలు మాత్రం రెండు మార్కుల ప్రశ్నల వరకే. మిగతా సమయం రంగులు వేయడం.

"చదువు నక్షత్రంది, సాయం చేయూతది ఇవ్వలేరా?" అంది ఇందుమతి.

"ఒకే బిడ్డకు తెలివీ, సహాయమూ రెండూ కేటాయించడం సమానత్వ సూత్రానికి విరుద్ధం మేడమ్."

ఇంటికొచ్చి రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. నక్షత్రంలో ఉంచితే చదువు ఉంటుంది, పిల్ల ఉండదు. చేయూతలో వేస్తే పిల్ల ఉంటుంది, చదువు ఇంట్లో చెప్పుకోవాలి. సంతకం కూడా అక్కడే ఉంది. చేయూతకే టిక్కు పెట్టాం.

చేయూత గది స్టేజీ వెనక ఉండేది, అంతకుముందు ఆట సామాన్ల కొట్టు. గాలిపోయిన ఫుట్‌బాళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. ఉన్నది ఒకే వరస బెంచీలు కాబట్టి అందరిదీ మొదటి బెంచీయే. ఫ్యాను లేదు కాబట్టి అందరూ నడిచేవారు. పది నిమిషాల వర్క్‌షీటుకి మూడు గంటలు ఇచ్చేవారు కాబట్టి అదనపు సమయానికి లోటు లేదు. నిబంధనలన్నీ అమలవుతున్నాయి.

హిమజతో కలిపి పన్నెండు మంది. హిమజ వర్క్‌షీటు ఎనిమిది నిమిషాల్లో ముగించేది. మిగిలిన రెండు గంటల యాభై రెండు నిమిషాలు ఊరికే కూర్చోవడం దానివల్ల కాదు. అందుకని నక్షత్ర బ్యాచ్ పాఠాలు పుస్తకంలోంచి తనే చదువుకుంటూ, అటూ ఇటూ తిరుగుతూ, పైకి చెప్పుకుంటూ, గోడ మీద సుద్దతో రాయడం మొదలుపెట్టింది. మిగతా పదకొండు మందీ రంగులు పక్కన పెట్టి వినసాగారు.

వాళ్లలో షబానా అని ఒక అమ్మాయి ఉండేది. రెండేళ్లుగా 'అశ్రద్ధ' అని రిపోర్టులో రాస్తున్నారు. హిమజ నాలుగో రోజున కనిపెట్టింది, ఆ పిల్ల ఎప్పుడూ తల ఒక పక్కకే తిప్పుతోందని.

"నీకు ఎడమ చెవి వినపడదా?" అని అందరి ముందూ అడిగేసింది. అడక్కూడదని తర్వాత తోచిందట.

"తక్కువ," అంది షబానా. "నువ్వు కుడి పక్కకొచ్చినప్పుడు పాఠం వినపడతాంది. ఎడం పక్కకెళ్లినప్పుడు పోతాంది. సగం వచ్చింది. మిగతా సగం మళ్లా చెప్పవా?"

హిమజ మళ్లీ చెప్పింది. రెండోసారి చెప్తుంటే తనకే బాగా అర్థమైందట. ఆ మూడు వారాలూ మా ఇంట్లో కుళాయి చప్పుడు లేదు. సాయంత్రం వస్తూనే బ్యాగు విసిరేసి, ఇవాళ ఎవరికి ఏం వచ్చిందో చెప్పేది. ఇందుమతి చీర మార్చుకుని, కాఫీ తాగే తీరిక కూడా దొరికేది.

డిసెంబరు టెస్టులో చేయూత బ్యాచ్ పన్నెండు మందీ పాసయ్యారు. షబానాకు డెబ్బై ఒకటి.

స్కూలు గుండెలు బాదుకుంది. నాకు మెమో వచ్చింది. 'చేయూత బ్యాచ్ నందు నూటికి నూరు శాతం ఉత్తీర్ణత నమోదగుట తీవ్ర ఆందోళన కలిగించుచున్నది. ఇందుకు తమ కుమార్తె కారకురాలని ప్రాథమికంగా నిర్ధారణ అయినందున, మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

నేను వెళ్లేసరికి డీన్ గారు తల పట్టుకుని ఉన్నారు.

"మా సహాయ వ్యవస్థను మీ అమ్మాయి కూకటివేళ్లతో పెకలించింది భాస్కరం గారూ. అందరూ పాసైతే నిబంధన ప్రకారం సహాయం రద్దు. బ్యాచ్ రద్దు. సోమవారం నాడు సమ్మిళిత విద్యా పురస్కారానికి పరిశీలకులు వస్తున్నారు. ఎవరికి సహాయం చేస్తున్నామని చూపించాలి?"

"నేను వెళ్లి పిల్లల్ని మందలించనా?" అన్నాను. నిజంగానే అన్నాను.

"ఆ దశ దాటిపోయింది. పదకొండు మందినీ సోమవారం ఒక్కరోజుకు వెనుకబడినవారుగా కూర్చోబెడతాం. వైద్య ధ్రువపత్రం ఉన్నది మీ అమ్మాయికి ఒక్కదానికే కాబట్టి ఆమె చేయూతలో ఉండాలి. జిల్లా ర్యాంకు వచ్చే అవకాశం ఉన్నదీ ఆమె ఒక్కతే కాబట్టి నక్షత్రంలోనూ ఉండాలి. సోమవారం మీరు సహకరిస్తే, పరిశీలన ముగిసిన క్షణం బోర్డు దరఖాస్తు మీద సంతకం."

సంతకం అన్న మాట వినగానే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. సరే అన్నాను.

సోమవారం సూరిబాబు గారు రూటు గీశారు. నక్షత్ర బ్యాచ్ నుంచి స్టేజీ వెనక గదికి అయిదు వందల పన్నెండు అడుగులు, నడక అయిదు నిమిషాలు. హిమజ నక్షత్రంలో నలభై నిమిషాలు, చేయూతలో నలభై నిమిషాలు, మళ్లీ నక్షత్రంలో. పరిశీలకుడికి కనపడాలని రెండు గదుల్లోనూ మొదటి బెంచీయే. ఆయన వచ్చారని స్కూలంతా చడీచప్పుడూ లేదు. మధ్యాహ్నం మోడల్ పరీక్షకి, ఈ తిరుగుడులో పోయిన సమయం పోయిందని, ఇంకో అరగంట ఎక్కువిచ్చారు. డాక్టరమ్మ రాసిన మూడు మాటలూ ఆ ఒక్కరోజు పూర్తిగా అమలయ్యాయి. ఎవరూ కావాలని చెయ్యలేదు. హిమజ చివరి ప్రశ్న రాసి, పేపరు ఒకసారి చదువుకుని మరీ ఇచ్చింది. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు.

ఇబ్బంది ఒక్కటే వచ్చింది. పరిశీలకుడు రిటైరైన విద్యాధికారి, చూపు బాగానే ఉంది. చేయూత గదిలో హిమజ ముందు ఆగారు.

"నిన్ను ఇందాక పైన తెలివైనవాళ్ల గదిలో చూశాను కదూ?"

డీన్ గారు ఏదో సర్దిచెప్పబోయారు. హిమజకు మనసులో వచ్చిన మాట నోట్లో ఆగదు.

"అవునండీ. పైన తెలివైనదాన్ని, ఇక్కడ వెనకబడినదాన్ని. మధ్యలో నడిచే అయిదు నిమిషాలూ మామూలుగా ఉంటాను."

పరిశీలకుడు డైరీ తీశారు.

"అద్భుతం! ఒకే బిడ్డను రెండు స్థాయిలలో ఏకకాలంలో సంచరింపజేయడం. దీనికి ఏమని పేరు పెట్టారు?"

"చలన సమ్మిళిత విధానం సార్," అన్నారు డీన్ గారు, రెప్ప వెయ్యకుండా.

పురస్కారం మేరుశిఖరకే వచ్చింది. డిసెంబరు ఇరవైన విజయవాడలో ప్రదానం. నేను దరఖాస్తు పట్టుకుని పద్దెనిమిదిన వెళ్లాను.

"ఇక దీని అవసరం ఏముంది భాస్కరం గారూ?" అన్నారు డీన్ గారు ఆశ్చర్యంగా. "మా పాఠశాలలో సహాయం అందని బిడ్డ లేరని పురస్కార పత్రంలోనే ఉంది. అందినవారికి మళ్లీ అడగడమేమిటి? ఫైలు ముగించేశాం."

ఆ పూట ఆఫీసుకి వెళ్లి, నా బల్ల ముందు కూర్చుని, బోర్డు వారి దరఖాస్తు మొదటిసారి నేనే పూర్తిగా చదివాను. ముందు వైపు, వెనక వైపు, కింద చిన్న అక్షరాలు. వైద్య ధ్రువపత్రం జతపరచాలి. ప్రధానోపాధ్యాయుడు, లేదా ఆ సమయానికి బాధ్యతల్లో ఉన్నవారు సంతకం చెయ్యాలి. అంతే. ఫెయిలవ్వాలని ఎక్కడా లేదు. అది స్కూలు వాళ్లు సొంతంగా అల్లుకున్న నిబంధన. రెండు నెలలు నా కూతుర్ని దాని చుట్టూ తిప్పాను. నా బల్ల అవతల ఒక పెద్దాయన కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతకుముందు ఏదో నిబంధన పేరు చెప్పి నేనే అతన్ని మూడుసార్లు తిప్పి పంపాను. ఆ నిబంధన నేను ఎప్పుడు చదివానో గుర్తు రాలేదు. కూర్చోమని, కాగితాలు తీసుకున్నాను.

ఇరవయ్యో తారీఖు ఉదయం ప్రధానోపాధ్యాయుడు, డీన్ గారు, కమిటీ అంతా పురస్కారం అందుకోవడానికి కార్లెక్కి వెళ్లారు. ఇన్‌ఛార్జి మేరీ సరోజిని టీచరు. నేనూ, ఇందుమతీ, హిమజా వెళ్లేసరికి పేపర్లు దిద్దుకుంటున్నారు. దరఖాస్తు చేతికిచ్చాను. రెండు వైపులా చదివారు.

"ఇంతేనా?"

"ఇంతేనండీ."

సంతకం పెట్టారు. స్టాంపు మసగ్గా పడిందని రెండోసారి వేశారు. గోడ గడియారం చూసి, "నేను ఇన్‌ఛార్జిని సాయంత్రం అయిదింటి వరకే. ఇంకెవరికైనా కావాలేమో చూడండి," అన్నారు.

హిమజ అప్పటికే తలుపు దాటింది. షబానాను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ పిల్లకి ధ్రువపత్రం లేదు. ఎవరూ చెవి పరీక్షే చేయించలేదు.

"పద," అంది ఇందుమతి. సరోజిని టీచరు ఫోన్ చేస్తే షబానా వాళ్లమ్మ కుట్టుమిషన్ దగ్గర నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చేసింది. నేను రెండో దరఖాస్తు నింపుతూ కూర్చున్నాను. నాలుగూ నలభైకి ఆటో గేటు ముందు ఆగింది. ఈఎన్‌టీ డాక్టరు కాగితం ఇందుమతి చేతిలో ఉంది. ఇరవై నిమిషాలు మిగిలాయి. సరోజిని టీచరుకి అందులో రెండు చాలాయి. మిగతా పద్దెనిమిదిలో రెండు దరఖాస్తులూ బోర్డుకు పంపేశారు.

మార్చిలో హిమజ చప్పుడు లేని గదిలో, అదనపు సమయంతో పరీక్షలు రాసింది. ఒక్కరోజు కూడా చివరి ప్రశ్న వదల్లేదు. షబానా మొదటి బెంచీలో, ఇన్విజిలేటరు తన కుడిపక్క నిలబడేలా కూర్చుని రాసింది. ఫలితాల్లో హిమజకు ఆరు వందలకు అయిదు వందల ఎనభై ఎనిమిది, షబానాకు నాలుగు వందల ముప్పై వచ్చాయి.

స్కూలు ఊరుకుంటుందా? సహాయం అందితే ర్యాంకు వస్తుందని కమిటీకి ఇప్పుడు రూఢి అయింది. ర్యాంకు రానివారికి సహాయం వృథా అని కూడా రూఢి అయింది. అందుకని కొత్త సంవత్సరం నుంచి నిబంధన పన్నెండు సవరించారు. తొంభై అయిదు శాతం పైబడిన వారికే చేయూత. మొన్న ఒక తల్లి, నలభై రెండు శాతం వచ్చిన కొడుకుని తీసుకుని వెళ్తే, ఇంకాస్త పైకి రమ్మని చెప్పి పంపారట.

మేలో ఇంటర్మీడియట్ కాలేజీ వెతకడానికి బయల్దేరాం. ఈసారి హిమజ డాక్టరమ్మ ఉత్తరం తన ఫైల్లోనే పెట్టుకుంది. ఫైలు పోకుండా మెడకి తాడు కట్టి వేలాడేసుకుంది.

మొదటి కాలేజీ ప్రిన్సిపాల్ ఉత్తరం చదివి, "దీని మీద ఒక కమిటీ వేద్దాం," అన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే హిమజ లేచి నిలబడింది.

"పద నాన్నా."

నాకు సిగ్గేసింది. పెద్దమనిషి మాట్లాడుతుండగా లేవడం ఏమిటని. కానీ ఇందుమతి అప్పటికే చెప్పులేసుకుంది. రెండో చోట, ఇంత మంచి మార్కులొచ్చిన పిల్లకి రోగం అంటగట్టకండి అని నాకు హితబోధ చేశారు. అక్కడ నేనే ముందు లేచాను. మూడో చోట ఫారం ఇచ్చి, నింపి రేపు రమ్మన్నారు.

నాలుగోది చిన్న కాలేజీ. ర్యాంకుల ఫ్లెక్సీ కూడా లేదు. ప్రిన్సిపాల్ సుభద్రమ్మ గారు ఉత్తరం ఒకసారి చూసి, మడిచి బల్ల మీద పెట్టారు. నేను గొంతు సవరించుకుని, మొదటి బెంచీ గురించి మొదలుపెట్టబోయాను. ఆవిడ నన్ను చూడలేదు. హిమజను చూశారు.

"నీకేం కావాలమ్మా?"

హిమజ నా వంక చూసింది. ఎనిమిది నెలల్లో కమిటీలు, పరిశీలకులు, నేను, అందరం దాని గురించే మాట్లాడాం. ఈ మాట దాన్ని ఒక్కరమూ అడగలేదు. నేను తల దించుకున్నాను.

"ఏం చెప్పినా ఫర్వాలేదా అండీ?" అంది.

"చెప్పు. నాకు పనేం లేదు."

చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి కిటికీ దాకా నడిచొచ్చింది. సుభద్రమ్మ గారు ఏ ఫారమూ తియ్యలేదు. ఒక తెల్ల కాగితం మీద మాత్రం, అది చెప్పింది చెప్పినట్టు, తనే రాసుకుంటూ కూర్చున్నారు.